ఒట్టి నేల మీద పట్ట

నేను వెంటపడి చూసే జట్టు ఆ ఏడు కూడా ఓడిపోతూనే ఉంది. జట్టంటే క్రికెట్టు కాదు, బేస్‌బాల్. అనంతపురం పక్కన ఒక మెట్ట ఊళ్లో కూర్చుని అమెరికా బేస్‌బాల్ చూసేది నేనొక్కదాన్నే అయి ఉంటాను. చిన్నప్పుడు బళ్లో సాఫ్ట్‌బాల్ ఆడి జిల్లా జట్టు దాకా పోయినదాన్ని. ఇప్పుడు గార్లదిన్నె దగ్గర ఒక బడిలో ఆటల టీచర్ని. ఫోనులో మొట్టమొదట పూర్తిగా చూసిన ఆట ఈ జట్టుది. ఆ రోజు గెలిచింది. అంతే, తగులుకున్నాను. తర్వాత గెలిచిన రోజులు తక్కువ. అయినా వదలబుద్ధి కాదు, ఏం చేసేది.

అక్కడ సాయంత్రం ఆటంటే మనకు తెల్లారే వేళ. అరుగు మీద చెంబుకు ఫోను ఆనించి పెట్టి, టీ తాగుతూ చూసేదాన్ని. పక్కన నాయన. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నా పెళ్లి మాట ఎత్తే చుట్టాలు కూడా అలిసిపోయి మానేశారు.

ఆ ఏడు నాయనకు తేలవలసింది ఒక్కటే. మా చేను చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒక్కొక్కటిగా సోలార్ కంపెనీకి కౌలుకు పోయాయి. ఎటు చూసినా అద్దాల పలకలే. మధ్యలో మాదొక్కటే ఎర్రగా మిగిలింది. కంపెనీ మనిషి వచ్చి పోతూనే ఉన్నాడు. సంతకం పెడితే నాయన బతికుండగా ఆ నేల తిరిగి చేతికి రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నాయన అతనికి ఒకే మాట చెప్పాడు.

"ఈ తూరి చెనిక్కాయ చూసి చెప్తానప్పా. కాయ నిండితే నా చేను నాదే. నిండకపోతే తీసుకో."

వేరుశనగ కాయ నిండాలంటే సెప్టెంబరులో ఒక్క మంచి వాన పడాలి. నా జట్టు ఆటలు అయిపోయేది కూడా సెప్టెంబరు చివరికే. నేను ఫోను చూస్తూ, నాయన ఆకాశం చూస్తూ ఆ నెల గడిపాం.

నాయనకు ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని చూడనూ లేదు. ఆయన చూసింది నేలను. ఆ మైదానంలో ఆటగాళ్లు పరుగెత్తే చోట పచ్చిక ఉండదు, ఎర్రమట్టి ఉంటుంది. ఆటకు ముందు కొందరు పనివాళ్లు దాన్ని ఈడ్చి చదును చేసి, పైపులతో నీళ్లు చల్లుతారు. ఆట మధ్యలో వచ్చి మళ్లీ ఈడుస్తారు. మొదటిసారి అది కంట పడినప్పుడు నాయన ఫోను మీదికి వంగాడు.

"మన మట్టి మాదిరే ఉండాది కదమ్మా. పదును బాగుండాది. ఏం విత్తుతారు?"

"ఏం విత్తరు నాయనా. దాని మీద ఉరుకుతారు."

ఆయన నమ్మలేదు. ఆ పనివాళ్లే చేను గలవాళ్లనీ, ఆడేవాళ్లు కూలికి వచ్చినవాళ్లనీ తనకు తానే తీర్మానించుకున్నాడు. నేనెంత చెప్పినా చెవికెక్కలేదు. "ఈ పొద్దు మనోళ్లు బాగా చదును చేసినారు" అనేవాడు. మనోళ్లంటే నా జట్టు కాదు, నేల ఈడ్చేవాళ్లు. జట్టు చిత్తుగా ఓడిన రోజు కూడా ఆయన తృప్తిగా లేచి పోయేవాడు. నాకు ఒళ్లు మండేది.

అక్కడినుంచి చేనికి పోయి, వచ్చేటప్పుడు ఒక చెనిక్కాయ చెట్టు పీకి తెచ్చేవాడు. ఊడలు దిగాయి, కాయలైతే కట్టాయి. కాయ నొక్కితే లోపల గింజ లేదు. "రోజుకొక చెట్టు పీకితే వాన వచ్చేలోపల చేను అయిపోతాది" అని ఎకసెక్కం చేశాను. ఆయన నవ్వి, ఆ చెట్టును పక్కింటి మేకకు వేశాడు.

ఒక ఉదయం ఆట మధ్యలో అక్కడ వాన మొదలైంది. చినుకులు చూడగానే నాయన లేచి నిలబడి చేతులు జోడించాడు. అంతలో పనివాళ్లు పరుగున వచ్చి, పెద్ద పట్టను దొర్లించుకుంటూ ఆ ఎర్రమట్టి మీద కప్పేశారు. మా ఇంట్లోనూ ఒక టార్పాలిన్ పట్ట ఉంది. పీకిన కాయ తడవకుండా వామి మీద కప్పేది. ఆయనకు తెలిసిన పట్ట అదే.

"కింద ఏం పెట్టినారు?" అన్నాడు.

"ఏం లేదు నాయనా. ఒట్టి నేలే."

"ఒట్టి నేలకు వాన తగలకుండా కప్పుతాండారా?"

"తడిస్తే ఆట కుదరదు."

నాయన టీ గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మనోళ్లు అనుకున్నవాళ్లు చేసిన పని అది. ఆయన మనసు విరిగిందని నాకు తెలుస్తూనే ఉంది. బాధ కలగాలి కదా, కలగలేదు. వాన ఎప్పుడు ఆగుతుందా అని ఫోనులో ఆ పట్టనే చూస్తూ కూర్చున్నాను. ఆగింది. ఆట మళ్లీ మొదలైంది. ఓడిపోయారు.

ఆ నెలంతా అంతే, నాకు దేనికీ ఏమీ అనిపించేది కాదు. మబ్బు పట్టేది, గాలి దాన్ని తోసుకుపోయేది. ఉరవకొండ కాడ పడిందంట అని బస్సులో ఎవరో ఒకరు అనేవాళ్లు. పడితే పడనీ అనుకునేదాన్ని. బళ్లో పిల్లలు గెలిచామని గంతులేసినా చప్పట్లు కొట్టడానికి చేతులు లేచేవి కావు.

నెలాఖరు దగ్గర పడ్డాక ఇంకో ఓటమితో నా జట్టుకు పై పోటీల దారి పూర్తిగా మూసుకుపోయింది. నాయనకు చెప్పాను.

"ఇంగ ఎన్ని గెలిచినా లాభం లేదు నాయనా."

"మరి రేపు ఆడతారా?"

"ఆడతారు. ఆటలు మిగిలిండాయి కదా."

"మనోళ్లు వస్తారా?"

పట్ట చూసిన రోజు తర్వాత ఆయన మళ్లీ ఆ మాట అనడం అదే మొదలు.

"వస్తారు."

"చదును చేస్తారా?"

"చేస్తారు."

నాయన తల ఊపి, టీ తాగడం పూర్తి చేశాడు.

ఆఖరి ఆట అక్కడ పగటిపూట, అంటే మనకు నడిరాత్రి పెట్టారు కాబట్టి నేను చూడలేదు. పొద్దున లేచి ఫోను తీస్తే, వానకు రద్దయిందని ఉంది. గెలిచినా ఓడినా ఎవరికీ ఒరిగేది లేదు గనుక మళ్లీ పెట్టరట. ఓడిపోవడానికి కూడా నోచుకోలేదు ఖర్మ. చెబితే నాయన సరేలే అని చెప్పులేసుకున్నాడు.

ఎండిపోయిన పంటను కూలి పెట్టి పీకించడం దండగని మా వైపు గొర్రెల మందకు వదిలేస్తారు. చేను గల మనిషి తన చేత్తో ముళ్లకంప తీసి పిలవాలి. పిలవకుండా కాపరి లోపల అడుగు పెట్టడు. మడకశిర వైపు నుంచి మంద తోలుకొచ్చిన కాపరి కొన్నాళ్లుగా మా గట్టు దగ్గర కాచుకుని ఉన్నాడు. నాయన రోజూ రేపు రాప్పా అని పంపిస్తూ వచ్చాడు. ఆ ఉదయం కంప తీసి పక్కన పెట్టి, "తోలుకో" అన్నాడు. సాయంత్రానికి చేనులో ఆకు మిగల్లేదు. కంపెనీ మనిషికి ఫోను నాచేతే చేయించాడు. సంతకం మరుసటి రోజే అయిపోయింది.

అయిపోయిందనే అనుకున్నాను. తెల్లారి చూస్తే, ఊళ్లో మిగిలిన ఒకే కాడి ఎద్దులను అడిగి తెచ్చి, గుంటక కట్టి చేను చదును చేస్తున్నాడు నాయన. గొర్రెల కాళ్ల గుంటలన్నీ పూడుస్తూ, గెనెం నుంచి గెనేనికి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. ఊరంతా పిచ్చి పట్టిందనుకుంది. కొలతలకు వచ్చిన కంపెనీ మనిషి కూడా చెప్పి చూశాడు.

"ఎందుకు పెద్దాయనా కష్టం? మా మిషన్లు వచ్చి అంతా గీకేస్తాయి."

"మీ మిషను సంగతి నాకెందుకప్పా. ఆట లేకపోయినా నేలను అట్లే పారేసి పోతారా ఎవరైనా?"

అతను అయోమయంగా నా వైపు చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

సాయంత్రం బడి నుంచి నేరుగా చేనికి టీ తీసుకుపోయాను. పని అయిపోయింది. ఒక్క గడ్డ, ఒక్క మొద్దు లేకుండా చేను చేటలో పోసిన పిండిలా ఉంది. నాయన టీ అందుకుని, పక్క పొలాల్లో మెరుస్తున్న అద్దాల వైపు చాలాసేపు చూశాడు.

"అవి గూడా పట్టలే కదమ్మా," అన్నాడు. "వానొచ్చినా ఇంగ మన నేలకు తగలదు."

అద్దాల సందుల్లోంచి పడుతుందిలే అని చెబుదామనుకున్నాను. నెలంతా ఎక్కడ దాక్కుందో ఆ ఏడుపు, అప్పుడు వచ్చింది. గట్టు మీద కూలబడి, బడి చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాయన నన్ను ఊరుకోమనలేదు. ఖాళీ గ్లాసు నా పక్కన పెట్టి, చేను ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి చూసుకున్నాడు.

"ఈ పొద్దు మనోళ్లు బాగా చదును చేసినారు" అని, ఎద్దులను విప్పడానికి పోయాడు.