సూరత్‌లో వీఐపీ పాసు మీద చూసిన కబడ్డీ

కబడ్డీ అంటే నాకు పిచ్చి. సూరత్‌లో లీగ్ మ్యాచ్ ఉందని, రెండు వీఐపీ పాసులు ఇప్పిస్తానని స్నేహితుడు అనగానే బయల్దేరాను. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే మర్నాడు పొద్దున దిగొచ్చు. స్లీపరుకు ఆరేడు వందలవుతుంది. అక్కడ మా పెద్దనాన్న కొడుకు నర్సయ్య పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు. "హోటల్ గిట్ల ఏమొద్దు, సీదా ఇంటికి రా" అన్నాడు. అతని కూతురు లావణ్య కూడా కబడ్డీ ఆడుతుంది కాబట్టి రెండో పాసు ఆ పిల్లకేనని రైల్లోనే మురిసిపోయాను.

సాయంత్రం ఇద్దరం ఆటోలో స్టేడియానికి వెళ్లాం. వీఐపీలకు చల్లటి గది, మెత్తటి కుర్చీలు, తిన్నంత తిండి. విరామంలో మైకులో ప్రకటించారు: సూరత్ జట్టు ఊరు విడిచిపోకుండా కార్పొరేషన్ వాళ్లు స్టేడియం ఆస్తిపన్ను, టికెట్ల మీద వినోదపు పన్ను మాఫీ చేశారట. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. పైగా లావణ్యకు పాఠం మొదలుపెట్టాను, ఇలా చేస్తేనే ఊళ్లకు పేరొస్తుందని.

ఆ పిల్ల మెల్లగా అంది. "మా కార్పొరేషన్ కబడ్డీ కోచింగ్ సెంటర్ గందుకే బంద్ చేసిన్రు కాకా. టాక్స్ వస్తలేదట, కోచ్ మేడమ్‌కు పగార్ ఇయ్యలేమన్నరు. వచ్చే నెల్ల జిల్లా సెలెక్షన్ ఉంది."

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"నువ్వు గంత ఖుషీగ పాసులు తెచ్చినవ్. ఎట్ల చెప్పాలె?"

చేతిలోని సమోసా ప్లేటులో పెట్టేశాను. రెండో సగంలో ఎవరు గెలిచారో కూడా సరిగ్గా చూడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు ఆదివారం. లావణ్య, మరో ఆరుగురు పిల్లలు తెల్లవారగానే సిటీ బస్సులో డుమస్ వెళ్తుంటే నేనూ వెంటబడ్డాను. సముద్రం ఒడ్డున నల్లటి ఇసుకలో మడమలతో గీతలు గీసుకుని ఆట మొదలుపెట్టారు. సెలెక్షన్ జరిగేది మ్యాట్ మీద. వీళ్ల సాధన ఇసుకలో. టమాటా భజియాల బండాయన నూనె పోస్తూ, "పోటు వస్తే మొత్తం కొట్టుకుపోతది సార్, మళ్లీ గీసుకుంటరు" అన్నాడు. ఆయనది జగిత్యాల వైపట. అలల ఫోటో తీద్దామని నేను నీళ్ల వైపు నేరుగా నడిచాను.

"కాకా, జర పక్కకు రా. కోర్టుల నిలబడ్డవ్" అంది లావణ్య, నవ్వుతూనే.

ఆ నవ్వు చూసి నాకు ఇంకా సిగ్గేసింది. కోప్పడి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ రాయితీ నేను ఇచ్చింది కాదు, నిజమే. కానీ ఆ చల్లటి గదిలో కూర్చుని దాని రుచి చూసింది నేనే. అది ఎవరి నోటి దగ్గర లాక్కున్నదో అడగాలని నాకు తట్టనే లేదు. లావణ్య సెలెక్ట్ అవుతుందో లేదో తెలియదు. అవ్వకపోతే ఆ పాపంలో నాకూ కాస్త వాటా ఉంటుంది.

డుమస్ వెళ్లేవారికి ఒక సలహా: ఆదివారం పొద్దున నీళ్ల వైపు నడిచేటప్పుడు ఇసుకలో గీతలు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి. వాళ్లకు మిగిలిన కోర్టు అదొక్కటే.