ఆసరా కణాల టీచర్

"మీ టీచర్ లేదు బిడ్డా. ఈసారి దవాఖాన దాక గూడ రాలే," అని ఆమె భర్త ఫోన్‌లో చెప్పినప్పుడు నేను హైదరాబాద్‌లో మా ల్యాబ్ మెట్లెక్కుతున్నాను. గోదావరిఖనిలో నాకు జీవశాస్త్రం చెప్పిన టీచర్ రెండోసారి వచ్చిన స్ట్రోక్‌తో పోయారు. నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను.

బొగ్గుగని కార్మికుల పిల్లలం మేము. మెదడు పాఠం రోజున ఆమె స్టీలు డబ్బాలో మేక మెదడు తెచ్చారు. అందరం వెనక్కి జరిగాం. "మీ ఇండ్లల్ల కూరొండుకునేదే గద! జర పట్టుకోండ్రి, కరవది," అన్నారు. నా అరచేతిలో అది చల్లగా, జారిపోయేంత మెత్తగా ఉంది. నరాల కణాల గురించి పుస్తకంలో పేజీలకు పేజీలు రాశారు. వాటిని అంటిపెట్టుకుని ఉండే కణాలకు మాత్రం ఒక్క వాక్యం: ఇవి ఆసరాగా ఉంటాయి. "ఎట్ల టీచర్?" అని అడిగాను. "నాకు గూడ అంతే తెలుసు. పెద్దయినంక నువ్వు చూసి నాకు చెప్పు," అన్నారు.

ఆ మాట ఆమె మర్చిపోయే ఉంటారు. నేను చదివి చదివి, ఆ కణాల మీద పనిచేసేచోటే చేరాను.

రెండేళ్ల కిందట ఒక పొద్దున చాయ్ గ్లాసు ఆమె చేతిలోంచి జారింది. మూతి ఓ పక్కకు వంగింది. భర్త వెంటనే దవాఖానకు తీసుకుపోవడంతో ప్రాణం దక్కింది. కుడిచెయ్యి సరిగ్గా ఆడేది కాదు, మాట సగమే వచ్చేది. చూడటానికి పోతే మంచం పక్కన కుర్చీ చూపించి, ఒక్కో మాటా ఏరుకుంటూ, "ఇప్పుడు... నువ్వు టీచర్. చెప్పు," అన్నారు.

చెప్పాను. మెదడులోని రక్తనాళాల గోడ చాలా గట్టిది. రక్తంలో ఉన్న ప్రతిదాన్నీ లోపలికి రానీయదు. నక్షత్రాల్లా ఉండే ఆసరా కణాలు తమ కొనలతో ఆ నాళాలను చుట్టి పట్టుకుంటాయి. స్ట్రోక్ వస్తే గోడ సడలుతుంది, రాకూడనివి లోపలికి కారి మెదడు వాస్తుంది. అప్పుడు కొన్ని ఆసరా కణాలు దెబ్బ చుట్టూ చేరి, గోడ మళ్లీ బిగిసేందుకు తోడ్పడతాయి. ఒక్కోసారి అవే వాపును పెంచుతాయి కూడా.

"మనుషుల... లెక్కనే," అని సగం మూతితో నవ్వారు. తన తల చూపించుకుని, "మరి... నా గోడ?" అన్నారు.

"తెల్వదు టీచర్. మేం చూసేది ఎలుకలల్ల. మనుషులకు మందు కావాలంటె ఇంకా శాన ఉన్నది."

ఆమె ఎడమచేత్తో నా చెయ్యి నొక్కారు. "తెల్వంది... తెల్వదన్నవ్. మంచిగ... నేర్చుకున్నవ్."

కాస్త నడక వచ్చాక ఆమెది ఒకటే పట్టు. బడికి పోవాలి, ఒక్క పాఠం చెప్పాలి. "పిల్లలు నవ్వుతరే," అన్నారు భర్త. "నవ్వనీ," అన్నారామె. ఆ రోజు నేను తోడు వెళ్లాను. బోర్డు ముందు కర్ర పట్టుకుని నిలబడి, "నా మూతి... చూడుండ్రి," అన్నారు. ఒక పిల్ల కిసుక్కుమంది. ఆమె కూడా నవ్వేసరికి తరగతంతా సద్దుమణిగింది. "ఇంట్ల ఎవరికన్న మూతి గిట్ల వంకర పోతే... చెయ్యి లేవకపోతే... మాట ముద్దగొస్తే... పండుకుంటె తగ్గుతదనొద్దు. జల్ది... దవాఖాన." ఆ కొన్ని మాటలకే పీరియడంతా పట్టింది. బయటికొచ్చి అరుగు మీద కూలబడి, చెమట తుడుచుకుంటూ, "ఇంకో సెక్షన్... ఉన్నదా?" అని అడిగారు.

ఇప్పుడు ల్యాబ్‌లో ఏ కొత్త సంగతి కనబడినా, "ఎట్ల తెలిసింది?" అని అడిగే ఆ గొంతు కోసం మనసు కొట్టుకుంటుంది. ఆ సగం మాటలైనా చాలనిపిస్తుంది.

గోదావరి ఒడ్డున ఆమెకు నిప్పు పెట్టినప్పుడు పాత విద్యార్థులం చాలామందిమి ఉన్నాం. మొదటి షిఫ్టు దిగి డ్యూటీ బట్టలతోనే వచ్చినవాళ్ల కళ్ల అంచులకు బొగ్గు కాటుకలా అంటుకుని ఉంది. "టీచరుంటె గిప్పుడు హాజరు పిలిచేది," అన్నాడు నాతో చదివి ఇప్పుడు ఆటో నడుపుతున్న దోస్తు. మంట తగ్గింది. నది మీద గాలి మొదలైంది. అయినా ఒక్కరమూ కదల్లేదు. ఎవరి పేరు కోసం వాళ్లం చెవులు రిక్కించినట్టు, ఆ ఇసుకలో అట్లాగే నిలబడి ఉన్నాం.