ఆకుపచ్చ అంచు

పదిన్నర బస్సు ఆగుతుంది. దిగినవాళ్ళు ముందు కొండల వైపు చూస్తారు. తరువాత లాడ్జీల బోర్డుల వైపు చూస్తారు. అన్ని బోర్డుల మీదా కొండ బొమ్మ ఉంటుంది, బొమ్మ కింద వేడినీళ్ళ సంగతి ఉంటుంది. దేన్ని నమ్మాలో తెలియదు. చివరికి, బస్టాండుకు ఎదురుగా ఇస్త్రీ చేసుకుంటున్న ఆవిడ దగ్గరికి వస్తారు.

ఆమెను ఊళ్ళో దుప్పట్లక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఊళ్ళో ఏడు లాడ్జీలు. ఏడింటి దుప్పట్లూ, దిండు గలీబులూ ఆమె దగ్గరికే ఉతుక్కి వస్తాయి. లోపలి గదిలో రెండు పెద్ద మెషీన్లు, డాబా మీద పదకొండు తీగలు, వీధి వైపు ఇస్త్రీ బల్ల. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

"మంచి గది ఎక్కడ దొరుకుతుందమ్మా?"

ఆమె వెంటనే చెప్పదు. అడిగినవాళ్ళ చెప్పులు చూస్తుంది. సంచి బరువు చూస్తుంది. పక్కన ఎవరున్నారో, వాళ్ళిద్దరికీ మాటలున్నాయో లేవో చూస్తుంది.

"వంతెన పక్కదానికి వెళ్ళండి. పై అంతస్తు అడగండి. కింద గదుల్లో మంచాలు ఎడమకి ఒరుగుతాయి."

"మీరు చూశారా?"

"దుప్పట్లు చూశాను."

నిజానికి ఆమె ఏ లాడ్జి గదిలోనూ కాలు పెట్టలేదు. అవసరం రాలేదు. మంచం ఒక పక్కకి వాలితే దుప్పటి ఆ పక్కనే నలుగుతుంది. పరుపు నడుమ కుంగితే నడుమే పల్చబడుతుంది. కిటికీ సరిగా పడకపోతే తలవైపు గీత గీసినట్టు దుమ్ము. గలీబు మెలితిరిగి వచ్చిందంటే, పాపం ఆ మనిషి దిండుతో చెవులు మూసుకుని పడుకున్నాడని, కింద వీధిలో లారీలు ఆగుతాయని అర్థం. ఏది ఎవరిదో కలిసిపోకుండా ప్రతి దుప్పటి మూలనా దారం కుట్టి పెట్టింది. లాడ్జికో రంగు. గది నంబరు ఎంతో అన్ని కుట్లు. మెట్ల లాడ్జి ఎరుపు. వంతెన పక్కది నలుపు. ఎరుపు దారంతో అయిదు కుట్లు కనబడగానే ఆ గదిలో నల్లులు పోయాయా లేదా అన్నది ఆమెకు లాడ్జి యజమాని కంటే ముందు తెలుస్తుంది.

కొండ కనిపించే గది కావాలని ఎవరైనా అంటే మాత్రం ఆమెకు చిర్రెత్తుకొచ్చేది.

"కొండ ఎక్కడికీ పోదు. గుమ్మం దాటితే కనిపిస్తుంది. గదిలో కావలసింది నిద్ర."

కొండతో ఆమెకు ఉన్న సంబంధం ఒకటే. దాని ఎడమ భుజం మీద మబ్బు కూర్చుంటే గంటలో వాన. తీగల మీంచి దుప్పట్లు దించాలి. మబ్బు లేకపోతే దించక్కర్లేదు. అంతకు మించి దాన్ని చూసింది లేదు.

ఆరు లాడ్జీలకు ఆమె మనుషుల్ని పంపింది. ఏడోదానికి, నీలం దారం దానికి, మూడేళ్ళలో ఒక్కరినీ పంపలేదు. అది ఆమె సొంత చెల్లెలిది.

నాలుగో వీధి చివర ఇల్లు. కింద చెల్లెలు, మరిది ఉంటారు. పైన మరిది తన చేతులతో కట్టుకున్న నాలుగు గదులు. రెండు వీధి వైపు, రెండు వెనక వైపు. మధ్యాహ్నం అన్నం అక్కాచెల్లెళ్ళు ఆ ఇంట్లోనే కలిసి తింటారు. అక్క భర్త పోయినప్పటినుంచీ అదే అలవాటు. తింటుంది, చెయ్యి కడుక్కుంటుంది, వెళ్ళిపోతుంది. మేడ మెట్లు ఎక్కదు.

ఆ ఉదయం చెల్లెలు దుప్పట్ల మూట తీసుకుని దుకాణానికి వచ్చింది. మూట చిన్నది. బల్ల మీద విసురుగా పెట్టింది.

"నిన్న పదిన్నర బస్సుకి పదకొండు మంది దిగారు. డాబా మీంచి చూశాను."

"నీకేం పనిలేదా?"

"లేదు. అదే చెప్తున్నా. ఉన్నవాళ్ళు నిన్న పొద్దున వెళ్ళాక నాలుగు గదులూ ఖాళీగా ఉంటే ఏం పనుంటుంది?"

అక్క గలీబు మీద నీళ్ళు చిలకరించింది.

"ఒక్క మాట అక్కా. మా చెల్లెలి దగ్గర గదులున్నాయి అని ఒక్క మాట. నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"నీకు అక్కనని వాళ్ళని పంపుతానా? వాళ్ళేమన్నా మన చుట్టాలా? ఎక్కడినుంచో అలిసిపోయి వస్తారు."

"అంటే మా గదులు బాగోవన్నమాట."

అక్క గలీబు తిరగేసింది.

"ఏం బాగోదో చెప్పు."

"ఏదో ఒకటి."

"ఏం లేదు. కుళ్ళు. నాకు మేడ ఉంది, నీకు లేదు."

అక్క ఇస్త్రీ పెట్టె ఎత్తింది, దించింది. చెల్లెలు గొంతు తగ్గించింది.

"ఆయన తమ్ముడు పట్నంలో హోటల్ తెరుస్తున్నాడు. రమ్మంటున్నాడు. ఈ నెలాఖరుకల్లా ఏదో ఒకటి తేల్చాలి. నిన్న ఆయన అటక మీంచి ట్రంకు పెట్టె దించారు."

ఇస్త్రీ పెట్టె ఒక్కచోటే ఆగిపోయింది. కాలిన వాసన వచ్చాక గాని అక్క చూసుకోలేదు. ఇరవై రెండేళ్ళలో కాలిన మొదటి గలీబు అది.

చెల్లెలు వెళ్ళాక మూట విప్పింది. నీలం దారం, మూడు కుట్లు. దుప్పటి అంచున నాలుగు వేళ్ళ వెడల్పున ఆకుపచ్చ మరక. ఎప్పటిలాగే. నాలుగు కుట్లదానికీ అంతే. పైగా ముట్టుకుంటే చెమ్మ. ఆ వెనక గోడ నీళ్ళు దిగి నాచు పట్టిందని ఆమెకు మూడేళ్ళుగా తెలుసు. మంచం గోడకి ఆనించి వేసి ఉంటారు, దుప్పటి అంచు గోడకి రాసుకుంటుంది. చెల్లెలికి చెబితే మరిదికి చెబుతుంది. ఒక్కొక్క ఇటుకా తనే పేర్చుకున్న మనిషి ముందు గోడ మాట ఎత్తడం ఆమెకు చేతకాలేదు. వీధి వైపు గదులకి పంపుదామా అంటే, అదే కప్పు కింద కదా, చెమ్మ ఎన్నాళ్ళు ఆగుతుంది?

అందుకని నోరు మూసుకుంది. కుళ్ళుబోతు అనిపించుకుంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర చెల్లెలు మళ్ళీ ఎత్తుకుంది.

"అసలు పైన ఒక్కసారైనా పడుకున్నావా?"

"నాకు ఇల్లుంది."

"ఈరోజు పడుకో. పొద్దున లేచి ఏం బాగోదో నా మొహం మీద చెప్పు. వెళ్ళేదేదో నిన్ను తిట్టుకోకుండా వెళ్తాం."

అక్క కాసేపు మెతుకులు ఏరుకుంది. "సరే," అంది.

సాయంత్రం దుకాణం మూసి వెళ్ళేసరికి మరిది రిజిస్టరు ముందు పెట్టుకుని ఠీవిగా కూర్చున్నాడు.

"రండి వదినా. కొండ కనిపించే గది కావాలా, నిద్ర పట్టే గది కావాలా?"

"నీ వేళాకోళం చాలు గాని, తాళం ఇవ్వు."

"ఏ గది?"

"మూడు."

గదిలో మంచం, కుర్చీ, బట్టలు తగిలించుకోడానికి కొక్కెం. వెనక ఒక తలుపు. ఆమె గది తలుపు దగ్గరగా వేసి, మొదట గోడ దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి ఆనించింది. పొడిగా ఉంది. మంచం జరిపింది. వెనక కూడా పొడే. వంగి వాసన చూసింది. సున్నం వాసన తప్ప ఏమీ లేదు. తెల్లవారుజామున చెమ్మ దిగుతుందేమో అనుకుంది. మంచం ఏ పక్కకీ ఒరగలేదు. పరుపు కుంగలేదు. కాసేపట్లో నిద్రపోయింది.

వెలుతురు రాకముందు చలికి మెలకువ వచ్చింది. వెనక తలుపు కింద సందులోంచి చల్లగాలి. దుప్పటి భుజాల చుట్టూ లాక్కుని, ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని తలుపు తీసింది.

అవతల చిన్న బాల్కనీ. పిట్టగోడను ఆనుకుని రాతి బల్ల. ఎదురుగా కొండ.

బల్ల మీద కూర్చుంది. అలవాటుగా కొండ ఎడమ భుజం చూసింది. మబ్బు లేదు. కొండతో ఆమె పని అయిపోయింది. అయినా లేవలేదు.

శిఖరం మీద కొంచెం వెలుగు పడింది. ఆ వెలుగు కిందికి దిగుతోంది, తొందర లేకుండా, ఎవరో మడత మీద మడత విప్పుతున్నట్టు. ఒక లోయ తెరుచుకుంది. దాని కింద ఇంకొకటి. అక్కడ లోయ ఉందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. కాళ్ళు చల్లబడితే దుప్పటిలోకి ముడుచుకుంది. టీ తాగాలని కూడా అనిపించలేదు. అలా ఎంతసేపు కూర్చుందో.

లేచి నిలబడ్డప్పుడు దుప్పటి అంచు కాలికి తడిగా తగిలింది. వంగి చూసింది.

ఆకుపచ్చగా నాలుగు వేళ్ళ వెడల్పు.

పిట్టగోడ అడుగున, రాతి బల్ల వెనక, మంచుకు తడిసి నాచు మెరుస్తోంది. ఆమె అంచు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ నాచును చూసింది. మళ్ళీ అంచును చూసింది. తరువాత ఉన్నచోటే కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక మొహం తుడుచుకోవలసి వచ్చింది.

చెల్లెలు టీ గ్లాసులతో వచ్చింది. వెనకే మరిది.

"ఊఁ. ఏం బాగోదో చెప్పు," అంది చెల్లెలు.

"ఇక్కడికి వచ్చినవాళ్ళంతా పొద్దున్నే ఇలా దుప్పటి కప్పుకుని కూర్చుంటారా?"

"కూర్చోక? లేవమన్నా లేవరు. టిఫిన్ చల్లారిపోతుంది. ఎందుకు?"

"మీ గోడ నీళ్ళు దిగుతోందనుకున్నాను."

"ఏ గోడ?" మరిది గ్లాసు దించాడు. "నా గోడా?"

"దుప్పట్లకి నాచు అంటుకుని వస్తుంటే..."

"వదినా, ఆ గోడకి మూడు పూతలు వేశాను. మూడు! మీ మెషీన్లో వేసి తిప్పినా నీళ్ళు పట్టదు."

చెల్లెలు అక్క చేతిలోని అంచునే చూస్తోంది.

"మూడేళ్ళు," అంది చివరికి.

"అవును."

"ఒక్కసారి అడిగుంటే ఏం పోయేది?"

"మరిది బాధపడతాడని."

"నువ్వు కుళ్ళుబోతువని ఊరంతా చెప్పానే అక్కా!"

"తెలుసు. ఊరంతా దుప్పట్లు వెయ్యడానికి నా దగ్గరికే వస్తుందిగా."

చెల్లెలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏదీ పూర్తిగా రాలేదు. టీ గ్లాసు అక్క చేతిలో పెట్టి, "తాగు, చల్లారుతుంది," అంది.

పదిన్నర బస్సు ఆగింది. ఒక నడివయసు జంట దిగింది. ఆయన మెడలో కెమెరా. ఆవిడ కళ్ళ కింద నలుపు. కొండను చూశారు, బోర్డులను చూశారు, ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చారు.

"మంచి గది ఎక్కడ దొరుకుతుందండీ?"

దుప్పట్లక్క పెట్టె పక్కన పెట్టింది.

"నాలుగో వీధి చివర. వెనక వైపు గది అడగండి. తెల్లారగానే వెనక తలుపు తీయండి. చలి వేస్తుంది, దుప్పటి కప్పుకోండి."

"మీరు చూశారా?"

"పడుకున్నాను."

ఆ తరువాత ఆమెకు మిగతా ఆరింటి మీదా అనుమానం పట్టుకుంది. ఇంకెన్ని తప్పు చదివానో అని, మంగళవారానికి ఒకటి చొప్పున అన్నిటిలోనూ పడుకుని వచ్చింది. ఆ ఆరు వారాలూ ఊళ్ళో లాడ్జీలు మునుపెన్నడూ లేనంత శుభ్రంగా ఉన్నాయి. "వచ్చే ముందు ఒక్క మాట చెప్పి రా అక్కా," అని మెట్ల లాడ్జి యజమాని బతిమాలాడు. చెప్పలేదు. వంతెన పక్కదాని కింద గదుల్లో మంచాలు ఎడమకి ఒరుగుతాయన్నది నిజమే. మెట్ల లాడ్జి గలీబులు మెలితిరిగేది మాత్రం లారీల వల్ల కాదు. పక్క గదిలో పడుకునే యజమాని గురక వల్ల.

ఈలోగా నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. మరిది తమ్ముడు ఫోన్ చేస్తే, వెనక గదులు రెండూ వచ్చే నెల దాకా ఖాళీ లేవని, కావాలంటే వీధి వైపుది సర్దుతానని మరిది చెప్పాడు. అటక మీంచి దించిన పెట్టె మళ్ళీ పైకెక్కింది. ఈసారి దాన్నిండా చినిగిన పాత దుప్పట్లు.

ఒక మధ్యాహ్నం అన్నం వేళకి అక్క వెళ్ళేసరికి కింద ఎవరూ లేరు. మెట్లెక్కింది. చెల్లెలు చీర ఎగదోపుకుని, బ్రష్షూ బకెట్టూ పెట్టుకుని పిట్టగోడ అడుగున కూర్చుంది. చివర జానెడు నాచు అప్పటికే పోయింది.

"ఏం చేస్తున్నావు?"

"నీకే సాయం చేస్తున్నా. ఆ మరకలు వదలడంలేదని గొణుగుతున్నావుగా."

అక్క వంగి బ్రష్షు లాక్కుంది.

"ఉంచు. అది పోతే, వాళ్ళు తలుపు తీశారో లేదో నాకెలా తెలుస్తుంది?"