అన్నం ముట్టని మా అత్త

మేనత్తే పిల్లనిచ్చిన అత్త కావడంతో అల్లుడి మర్యాదలు ఏవీ నాదాకా రాలేదు. చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టిన చేత్తోనే పెళ్లిలో కాళ్లకు నీళ్లు పోసింది. మరుసటి రోజుకు ఆ చెయ్యి మళ్లీ చెవి దగ్గరికే వచ్చింది.

ఆమెకు బళ్లారి బజారులో రవికె గుడ్డల అంగడి ఉంది. ఎవరైనా చీర తెచ్చి బల్ల మీద పరిస్తే, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి దానికి సరిపోయే గుడ్డ లాగేది. నేను పగలు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి సాయంత్రాలు అక్కడ కూర్చునేవాణ్ణి. గిరాకీ, సరఫరా రెండూ ఆమె చేతిలోనే ఉండేవి. నా వంతు మడతలు పెట్టడం.

అట్లాంటిది, ఒకరోజు సండూరు నుంచి ఒకామె బస్సెక్కి వచ్చి గుడ్డ బల్ల మీద పెట్టింది. "అక్కా, వంగపండు రంగు అడిగితే కాఫీ రంగు ఇచ్చినావు."

"నేనిచ్చింది వంగపండే. మీ సండూరు గనుల దుమ్ముకు ఏ రంగైనా అట్లనే ఐతాది" అంది అత్త, తొణక్కుండా. ఆమె వేరే గుడ్డ మార్చుకుని వెళ్లాక మాత్రం, తిరిగొచ్చిన ఆ గుడ్డను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

రెండు కళ్లకూ పొర వచ్చిందన్నాడు కంటి డాక్టరు. షుగర్ ఇంతుంటే కత్తి పెట్టను, దించుకుని రండి అన్నాడు. చూపు రాకపోతే అంగడి బాడుగకు ఇచ్చేద్దామని మా ఆవిడ అనింది. ఆ మాట అత్త విన్నట్టు కనపడలేదు. ఆ పూట అంగడి తాళంచెవి మాత్రం కొంగున ముడేసుకుంది.

షుగర్ డాక్టరు కన్నడంలో ఒక్కమాటలో తేల్చేశాడు. "అన్న, రొట్టి, ముద్దె ఎల్లా బిట్బిడి అమ్మా." అవన్నీ మానేసి కూరలు, ఆకుకూరలు, పెరుగు, పన్నీరు, వేరుశనగ బుడ్డలు తినమన్నాడు. మాత్రలు కూడా మార్చి రాశాడు.

"అంటే ఒక్కపొద్దు" అంది అత్త, బయటికి రాగానే. "ఆ మాట నేరుగా చెప్పచ్చు కదా!"

మా గుండెలు కుదుటపడ్డాయి. ఒక్కపొద్దులు ఉండటంలో ఆమెను మించినవాళ్లు మా వీధిలో లేరు. అనుకున్నట్టే ఇంట్లో అన్నం ముట్టలేదు. పన్నీరు ముక్క నములుతూ, "ఏమప్పా, పాత చెప్పులేమన్నా ఉడకేసినారా?" అనేది కానీ, తినేది.

మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ కొంచెం పెరిగింది. మా శాస్త్రంలో దాన్ని వృద్ధి అంటాం. డాక్టరు అట్లా అనలేదు.

"అన్న తింతీరా?"

"దేవుని సాక్షి, మెతుకు ముట్టల్యా."

"రొట్టి?"

"వాసన కూడా చూడల్యా."

డాక్టరు నా వైపు చూశాడు, నేనే దొంగచాటుగా తినిపిస్తున్నట్టు. ఆఖరికి, "మత్తె ఫలార ఏను?" అన్నాడు.

"ఫలారమా? అది మామూలే. అంగట్లో పొద్దున ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. మా ఇళ్లల్లో ఒక్కపొద్దంటే అన్నం మానడమే. ఫలారం మానమని ఏ దేవుడూ చెప్పలేదు. బొరుగులు నానబెట్టి తిరగమోత పెట్టిన ఉగ్గాని ఫలారం కిందికే వస్తుంది.

"బొరుగులు కూడా అక్కినే అల్వేనమ్మా?" అన్నాడు డాక్టరు.

"అందులో బియ్యం యాడిదప్పా? బస్తా బొరుగులు ఒక్క వేలితో ఎత్తచ్చు. అంత గాలిలో చక్కెర యాడుంటాది?"

ఆయనా ఈ ఊరివాడే. అయినా పెన్ను తీసి చీటీలో ఉగ్గాని అని రాసి, దాన్నీ కొట్టేశాడు.

అసలు ఒక్కపొద్దు ఆ రోజు మొదలైంది. పక్క హోటల్లో తిరగమోత చుయ్యిమన్నప్పుడల్లా అత్త అటు వీపు తిప్పి, ఉడకేసిన బుడ్డలు ఒలుచుకునేది. "వాసనలో కూడా చక్కెర ఉండాదా? డాక్టర్ని అడిగి చెప్పు" అంది ఒకరోజు. అడిగాను. వాసన వరకు అనుమతి దొరికింది.

షుగర్ తొందరపడలేదు గానీ దిగింది. ఒక కన్ను తర్వాత ఒక కన్ను ఆపరేషన్ అయ్యింది.

నల్లద్దాలు తీసేసి అంగడికి వచ్చిన రోజు, తాను లేనప్పుడు నేను సర్దిన అరల ముందు నిలబడింది. ఒక గుడ్డ లాగింది.

"ఇదేం రంగు?"

"గులాబీ."

"రాణి రంగు. మరి ఇది?"

"అది కూడా రాణి రంగే."

"దానిమ్మ. ఇన్ని దినాలు జనాలకు ఏమేం అమ్మితివప్పా?"

ఇంతలో ఒకామె చీర తెచ్చి పరిచింది. అత్త వెనక్కి చెయ్యి చాపి గుడ్డ లాగింది. ఇవ్వకుండా, ఎన్నడూ లేనిది, తానే చీర చెంగూ గుడ్డా పట్టుకుని వాకిట్లో ఎండలోకి పోయింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. నేను మడతపెడుతున్న గుడ్డ మడత తప్పింది. లోపలికి వచ్చి మీటరు కట్టె అందుకుని ఆ గుడ్డే కొలిచి, చించి ఇచ్చింది.

ఆమె వెళ్లాక అత్త గల్లా దగ్గర కూర్చుని, నా వైపు జాలిగా చూసింది.

"ఆ కంటి డాక్టరు మంచోడప్పా. నొప్పే తెలీదు. రేపు నిన్నూ పిలుచుకోని పోతా."