ఉమ్మడి ఫైళ్ళకు రాత అనుమతి

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జూన్ మొదటి వారంలో, శామీర్‌పేట దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరాను. ఎనిమిది విభాగాలకు కలిపి ఒకటే యూనిక్స్ తరహా సర్వర్. అందులో విభాగానికొక విడి భాగం; దాన్ని 'గది' అనేవాళ్ళం. ఒక గదిలో వాళ్ళకు పక్క గది కనిపించదు. కానీ ప్రతి గదిలోనూ సిస్టమ్ ఫైళ్ళ పూర్తి కాపీ ఉండటంతో డిస్కు నిండిపోయేది. ఏడు కాపీలు తీసేసి, మిగిలిన ఒక్కదాన్నే అన్ని గదుల్లోకి, చదవడానికి మాత్రమే వీలుండేలా కలిపాను. ఎవరి మార్పులు వారి సొంత ఫోల్డర్‌లో. డిస్కు సగం ఖాళీ అయింది.

మెకానికల్ విభాగాధిపతికి ఇది నచ్చలేదు. "నా గదిలో ఫైలు మార్చుకోడానికి మీ పర్మిషన్ ఏంటండీ?" అన్నారు. సొంత ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చని చెప్పినా వినలేదు. ప్రిన్సిపాల్ ఫోన్ చేసి ఆయనకు రాత అనుమతి, అంటే ఆ ఉమ్మడి ఫైళ్ళను మార్చే, తుడిచే వీలు, ఇవ్వమన్నారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాను, ఇవ్వలేదు. నాలుగో రోజు అనుమతి ఇచ్చేశాను. తప్పు చేశాను.

ప్రాక్టికల్ పరీక్ష ఉదయం ఆయన, పాతదని, ప్రోగ్రాములన్నీ ఆధారపడే ఒక లైబ్రరీ ఫైలు తొలగించారు. ఉన్నది ఒక్క కాపీయే కనుక ఎనిమిది గదుల్లోనూ పోయింది. ఏ ల్యాబ్‌లోనూ ప్రోగ్రామ్ నడవలేదు. బ్యాకప్ నుంచి తిరిగి పెట్టేసరికి పరీక్ష వాయిదా పడింది.

మెమో మాత్రం దేవరయాంజాల్ నుంచి వచ్చే మెకానికల్ ల్యాబ్ కాంట్రాక్టు టెక్నీషియన్ యాదగిరికి ఇచ్చారు. విచారణ ముగిసేదాకా రావద్దన్నారు. కారణం, ఆ పని జరిగింది అతని లాగిన్‌లో. ఆ కాలేజీలో అధ్యాపకులు సొంత లాగిన్ తీసుకునేవారు కాదు. టెక్నీషియన్‌ను పిలిచి పాస్‌వర్డ్ కొట్టించుకుని కూర్చునేవారు; విభాగాధిపతికని నేను రాత అనుమతి ఇచ్చిందీ యాదగిరి లాగిన్‌కే. ఇది అందరికీ తెలుసు.

"పెద్దసారు కొట్టమంటే కొట్టనంటనా సార్? తుడిసింది ఆయన, ఇంటికి పొయ్యేది నేనా? గిదేం ఇన్సాఫ్?" అన్నాడు యాదగిరి.

విచారణలో నా డైరీ చూపించాను: ఫోన్ వచ్చిన రోజు, గంట, అన్న మాటలు. ప్రిన్సిపాల్ తెరిచైనా చూడలేదు. "డైరీ మీ సొంత వ్యవహారం కదండీ" అన్నారు. అబద్ధమని కూడా అనలేదు. అక్కడే కాగితం తీసుకుని, అనుమతి ఇచ్చింది నేనేనని, మెమో నాకివ్వాలని రాసి సంతకం చేశాను.

నాకు మెమో వచ్చింది. యాదగిరి తొమ్మిదో రోజున పనిలోకి వచ్చాడు. విభాగాధిపతిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. వాయిదా పరీక్షల పర్యవేక్షణ ఆయనకే అప్పగించారు.

ఆ వారమే రాత అనుమతి తీసేసి, అధ్యాపకులందరికీ వారి పేర్లతోనే లాగిన్లు ఇచ్చాను. సంతకం లేని ఆదేశం మీద సర్వర్‌లో ఏదీ మార్చకూడదని, మారిస్తే దాని భారం ఆదేశించినవారి మీద కాక అందరికంటే చిన్న ఉద్యోగి మీద పడుతుందని తెలుసుకున్నాను.