గట్టు మీద పైలట్

ఆ రోజుల్లో నేను పైలట్‌ని. నవ్వకండి. కల్లు గీసే ఇంట్లో పుట్టి నిచ్చెన మీద రెండో మెట్టుకే కళ్ళు తిరిగే మనిషిని, జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో కిటికీ పక్కన చోటు దొరక్కపోతే వాంతి చేసుకునే మనిషిని, ఒక కంపెనీ వాళ్ళు ఏరికోరి పైలట్‌ని చేశారు. (నేల మీద నిలబడి ఎగరేసేదే లెండి, పొలాలకు మందు కొట్టే డ్రోను.) పదో తరగతి రెండుసార్లు రాసి, ఇంటర్‌కి కాలేజీ గేటు దాకా పోయి తిరిగొచ్చిన నాకు అంతకన్నా పెద్ద పదవి ఎక్కడ దొరుకుతుంది? సొంత ఊళ్ళో, వ్యవసాయంలోనే, నీలం చొక్కా, టోపీ, నెల తిరిగితే జీతం! ఆ చొక్కా ఉతకడానికి మా అమ్మ భయపడేది, రంగుతో పాటు ఉద్యోగం కూడా పోతుందేమోనని.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి. జగిత్యాలలో శిక్షణ ఇచ్చిన సారు ముందే చెప్పాడు. మా ఊరి పొలంలో ఎగరేసి చూపించాలి, కంపెనీ ఆఫీసరు కళ్ళారా చూడాలి, రైతులు మాకూ కొట్టమని అడగాలి. అప్పుడే ఉంచుకుంటారు. లేకపోతే సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో మా బావ పనిచేసే సాంచాల షెడ్డే గతి. (మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆర్డర్లు లేని రోజు అన్నం ఉండదు, ఉన్న రోజు చెవులుండవు.) బావే ఫోన్ చేశాడు: "గా గాలిమోటరునే గట్టిగ పట్టుకో బామ్మర్ది. ఈడికైతే రాకు. నేనే ఎటు పోదునా అని చూస్తున్న."

బుగ్గారం దగ్గర మా ఊళ్ళో పెద్దకాక వరి మడిలో పరీక్ష. (చుట్టరికం లేదు, వరస పిలుపే.) పక్క మడి ఆయన తమ్ముడు చిన్నకాకది. డ్రోను తనంతట తాను ఎగరాలంటే ముందు పైలట్ రిమోటు పట్టుకుని పొలం అంచుల వెంట నడవాలి. మూలమూలకూ గుర్తు పెడితే రిమోటు తెర మీద గీత పడుతుంది. ఆ గీత లోపలే డ్రోను తిరుగుతుంది. శిక్షణలో ఇదంతా ఖాళీ మైదానంలో నేర్పారు. మైదానానికి అన్నదమ్ములుండరు.

పెద్దకాక "నా ఎంబడి రా" అని ముందు నడిచాడు. మూడు వైపులా గట్టు మీదే నడిచాడు. తమ్ముడి పొలం ఉన్న వైపు మాత్రం గట్టు దిగి, అడుగు దూరం అవతల తమ్ముడి వరిలో కాలు పెట్టాడు.

"కాకా, గట్టు ఈడున్నది గదా?"

"గది ఆడు జరిపిన గట్టు. అసలుది గిదే. నువ్వు నడువు రా."

జీతమిచ్చే ఆఫీసరు చూస్తున్నాడు, పొలమిచ్చిన మనిషి నడుస్తున్నాడు. నేనూ నడిచాను.

"గీత పడ్డదా?"

"పడ్డది కాకా."

"ఎవలు గీసిండ్రు?"

"పైన శాటిలైటు."

అంతే. పెద్దకాక తువ్వాల గాల్లో తిప్పుతూ తమ్ముడికి వినపడేట్టు కేకేశాడు: "అరేయ్, ఆకాశం నుంచి కొల్సిండ్రు రా! ఇగ నువ్వు ఢిల్లీ పోయినా గంతే!"

చిన్నకాక పార భుజాన వేసుకుని వచ్చి నా చొక్కానీ, టోపీనీ, చేతిలోని తెరనీ కింది నుంచి మీదికి చూశాడు. "సర్వేయరువు ఎప్పుడైనవు రా? పది రెండుసార్లు రాసినోనివి నా జాగ కొలుస్తవా?"

"నేను మందు కొట్టెటోన్ని కాకా!"

"మందు కొట్టెటోనివైతే గీతెందుకు గీసినవు?"

నేను నోరు తెరిచేలోపు చిన్నకాక పోయి, గుడ్ల మీద కోడిలా డ్రోను మీద వంగి రెండు చేతులా వాటేసుకున్నాడు. "ఎగరెయ్ ఇప్పుడు. నన్ను గూడ తీస్కపో!"

ఊరు పోగైంది. "మాది గూడ జర చూడు తమ్మీ" అని ఒకాయన. "మా మరిది బాయికాడ గట్టు జరుపుకుంట వచ్చిండు, గాడికి గూడ రా" అని ఒకావిడ. రైతులు అడుగుతున్నారు! ఆఫీసరు ముఖం వెలిగిపోయింది, నా కడుపు నిండిపోయింది. "ఎన్ని ఎకరాలకు కొట్టాలమ్మా?" అని ఆయన ఆత్రంగా అడిగాడు.

"కొట్టుడెందుకు సారు? ఉత్త గీత గియ్యుండ్రి."

చిన్నకాకను బతిమాలి లేపి, డ్రోనును కారెక్కించి, ఆఫీసరు నా భుజం తట్టాడు. "నీ తప్పేం లేదయ్యా. ఇక్కడ మందుకు గిరాకీ లేదు." తప్పుంటే దిద్దుకోవచ్చు. తప్పే లేకుండా ఉద్యోగం పోతే మనిషి ఏం దిద్దుకోవాలి?

మర్నాడే తంగళ్ళపల్లి బస్సెక్కాను. నాతో నేర్చుకున్న పైలట్లలో ఒకడు కోరుట్లలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. ఇంకొకడు మామిడికాయల కాలంలో జగిత్యాల మార్కెట్లో పెట్టెలు మోస్తాడు, మిగతా కాలమంతా నాకు ఫోన్ చేస్తాడు. వరిలో తెర పట్టుకుని నడిచిన ఆ నీలం చొక్కా కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎంత నిటారుగా నడిచాడు వెధవ!

మొన్న కోరుట్ల బస్టాండులో చిన్నకాక కనబడితే ఊరుకోలేక గెలికాను. "కాకా, మీ అడుగు జాగల నా కొలువు మునిగె. గా అడుగుల ఏమన్న పండిందా?"

చిన్నకాక నా వైపు చూడకుండా, వచ్చే బస్సు వైపు చూస్తూ అన్నాడు: "నాటెటోడేడి రా, పండనీకి? నా కొడుకు, మా అన్న కొడుకు ఇద్దరు దుబాయిల ఒక్క రూములనే ఉంటున్నరు. కింది మంచం మావోనిది, మీది మంచం ఆనిది. పో, పొయ్యి ఆడ గియ్యి నీ గీత."