జేజి గూటి చుట్టూ ఎర్రమన్ను

నా చిన్నప్పుడు గోడకు వేసే రంగు డబ్బాలో వచ్చేది కాదు. కాగులో సున్నపురాళ్ళు నానబెట్టి, అవి కుతకుత ఉడికి చల్లారాక గంజి కలిపి, ఈతమట్టను నలగ్గొట్టి చేసిన కుంచెతో ఇంట్లో ఆడవాళ్ళే పూసేవాళ్ళు. నీలిమందు కలిపితే నీలం, కొండల దిక్కు నుంచి తెచ్చిన ఎర్రమన్ను కలిపితే ఎరుపు, ఏదీ కలపకపోతే తెలుపు. ఇప్పుడు ఎన్ని రంగులున్నాయో దుకాణం వాడికే తెలియదు. అయినా మనుషులకు ఏదీ ఒక పట్టాన నచ్చదు.

మాది తెక్కలకోటకు దగ్గరలో ఒక పల్లె. మట్టి మిద్దె. లోపలి గదికి కిటికీ లేదు, మిద్దె కప్పుకు పెట్టిన గవాక్షిలో నుంచి పడేదే వెలుతురు. వంట అక్కడే, నీళ్ళ కుండలూ అక్కడే. గోడలు పొగకు నల్లబడి ఉండేవి. కాలువ నీళ్ళు మా చేలకు పారి, మొదటి వరిపంట ఇల్లు చేరిన సంవత్సరం, ఉగాదికి ఆ గదికి సున్నం వేద్దామన్నాడు మా నాయన. మూడో తరగతిలోనే నన్ను బడి మాన్పించి ఇంటి పనికి పెట్టినందుకు ఆయన మనసులో ఏదో ఉండేదేమో, "రంగు నువ్వే చెప్పు పాపా, నువ్వు చెప్పిందే వేద్దాం" అన్నాడు. అంతకు ముందు నన్ను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు.

నేను నీలం అన్నాను. నాయనతో కంప్లికి పోయినప్పుడు కాలువ ఆఫీసరు ఇంటి వాకిట్లో నిలబడి, తలుపు సందులోంచి ఒక నీలం గోడ చూశాను. వానకు ముందు మబ్బంత ముదురు నీలం. అప్పటి నుంచీ కళ్ళు మూసుకుంటే అదే గోడ.

ఆ ఇంట్లో మా జేజి కూడా ఉండేది. మా నాయనకు తల్లి. ఆమె రెండు కళ్ళకూ పొర వచ్చింది. ఒకరోజు దారిలో ఉన్న మజ్జిగ కుండను కాలితో తన్నింది. కుండ పగిలి ఇల్లంతా మజ్జిగ. "నువ్వింక లోపలికి రావద్దత్తా, ఏం కావల్లన్నా అడుగు, మేమే తెచ్చిస్తాం" అంది మా అమ్మ. మంచికే అంది. అయితే, ఏళ్ళ తరబడి ఆ పొయ్యి ముందు ఊరికంతా చాలేంత వండిన మనిషికి, అరుగు మీద కూర్చుని గుక్కెడు నీళ్ళకు మనవరాలిని పిలవడం ఎంత కష్టమో! నోరు ఎండినా పిలిచేది కాదు. ఎవరూ చూడనప్పుడు గోడ పట్టుకుని పోయి, గూట్లో చెంబు తడుముకుని, తానే ముంచుకుని తాగేది. ఆమెకు మిగిలిన స్వతంత్రం అంతే. లోపల పిల్లి ఏదైనా పడేసినా సరే, అందరం ఒకేసారి "జేజీ!" అని అరిచేవాళ్ళం.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా నీలం ముందు అవేవీ గుర్తుకు రాలేదు. జేజిని అడిగితే, "పిల్ల ముచ్చటపడతాంది, ఎయ్యండి. నేనెట్లా బయటుండేదాన్నే కదా" అంది. ఆ మాటను నేను ఒప్పుకోలు కింద లెక్కవేసుకున్నాను.

సున్నం పనికి మా మేనత్త వచ్చింది. తడి మీద కనిపించే రంగు వేరు, ఎండాక తేలే రంగు వేరు, అందుకని ముందు కొంచెం పూసి చూద్దామంది. గదిలో ఎదురెదురు గోడలకు రెండు గూళ్ళు ఉండేవి. ఒక గూటి చుట్టూ నేను నీలం పూశాను. ఎండితే వెలుస్తుందని నీలిమందు ఇంకో గుప్పెడు దట్టించాను. రెండో గూటి చుట్టూ ఆమె వట్టి తెల్ల సున్నం వేసి, గూటి అంచున చెయ్యి వెడల్పున ఎర్రమన్ను తిప్పింది. ఎందుకని నేను అడగలేదు. నా కళ్ళు నా నీలం మీదే ఉన్నాయి.

మర్నాటి మధ్యాహ్నానికి అంతా ఎండింది. మేనత్త జేజి పాత చీర చించిన గుడ్డ తెచ్చి, మూడు మడతలు వేసి నా కళ్ళకు కట్టింది. గుడ్డలోంచి వెలుగు తెలుస్తోంది గానీ అంతా మంచు పట్టినట్టుంది. "రెండు గూళ్ళలోనూ చెంబులుండాయి. నీ నీలం గూట్లోది తీసకరా పో, నాకు దప్పికయితాంది" అని, ఒక చుట్టు తిప్పి గడప దాటించింది.

ఎదురుగా మసకలో ఎర్రటి చట్రం ఒకటి తేలినట్టు కనిపించింది. అది ఆమె గూడు. నాది ఎక్కడుందో తెలియలేదు. వెనక్కి తిరిగితే అంతా ఒకటే నలుపు. గోడ ఎక్కడ మొదలైందో, గూడు ఎక్కడుందో తెలియదు. చేతులు చాపి నడిచాను. వేళ్ళ కణుపులు గోడకు కొట్టుకున్నాయి. మళ్ళీ తడిమాను. చెంబు తగిలి, పట్టుకునేలోపే కింద పడి దొర్లింది. కాళ్ళ నిండా నీళ్ళు.

ఆ చప్పుడుకు అరుగు మీది నుంచి జేజి గొంతు వినిపించింది, భయంగా, తొందరగా: "నేను కాదమ్మో! నేనీడే ఉండా!"

నేను గుడ్డ విప్పలేదు. అలాగే నిలబడిపోయాను. బయట మేనత్త కాగులో సున్నం కలుపుతున్న చప్పుడు. అప్పుడు ఆమె తిట్టి ఉంటే ఆ తిట్టు మరిచిపోయేదాన్నేమో.

తర్వాత నేనే పోయి చెప్పాను, అంతా తెలుపే వెయ్యమని, గూళ్ళకూ గడపకూ ఎర్రమన్ను తిప్పమని. "మళ్ళ నీ నీలం?" అంది. వద్దన్నాను. చెప్పేటప్పుడు ఏడుపు వచ్చింది, అబద్ధమెందుకు! "సాకు సాకు, ఏడ్చింది చాలు, కండ్లు తుడుచుకో, సున్నం చేతులు పెట్టుకోవాకు" అంటూ తన కొంగుతో తుడిచింది. కలిపిన నీలాన్ని పారబొయ్యలేదు. తలుపు వెనక చిన్న గూడు ఒకటుంటే దాని లోపల మొత్తం పూసి, "ఇది నీది" అంది. బడి మానినా దాచుకున్న నా పలక చాలా ఏళ్ళు ఆ గూట్లోనే ఉండేది.

ఉగాది నాడు జేజి గోడ పట్టుకోకుండా లోపలికి నడిచింది. ఎర్ర అంచు చూసుకుంటూ నేరుగా గూటి దగ్గరికి పోయి, చెంబు తీసి, ముంచుకుని తాగింది. తాగి, మా అమ్మ మీదికి లేచింది: "కుండలు కాలికి అడ్డం పెట్టేది మీరు, మాట పడేది నేనా? ఈ పొద్దు భక్ష్యాలు నేను చేస్తా, జరగండి!" ఆమె అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మా నాయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

ఇప్పుడు నా కళ్ళకూ పొర వస్తోంది. మొన్న మా మనవరాలు రంగుల అట్ట పట్టుకొచ్చి, నా గదికి ముదురు బూడిద రంగు బాగుంటుందని చూపించింది. బాగానే ఉంది. పాత చీర కొంగు చించి, మూడు మడతలు వేసి దాని కళ్ళకు కట్టి, చీకటి పడకముందే లోపలికి పోయి నా కళ్ళజోడు తెమ్మని పంపాను.

కాసేపటికి లోపల ఏదో దబ్బున పడింది. "అత్తా!" అని వంటింట్లోంచి కోడలు కేక.

"నేను కాదమ్మో," అన్నాను వసారాలో కాళ్ళు చాపుకుని, "నేనీడే ఉండా."